రీఫండ్ వచ్చాక ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలి? ఉమ్మడి కొనుగోలు లెక్క తేల్చే పద్ధతి

నలుగురు కలిసి ఒక వస్తువు కొన్నప్పుడు లెక్క సులువే. మొత్తాన్ని నాలుగుతో భాగిస్తే అయిపోతుంది. ఆ వస్తువు వెనక్కి వెళ్ళి డబ్బు తిరిగొచ్చినప్పుడే చిక్కు మొదలవుతుంది. అప్పటికి ఇద్దరు తమ వాటా ఇచ్చేసి ఉంటారు, ఒకరు సగమే ఇచ్చి ఉంటారు, ఇంకొకరు "రేపు పంపుతా" అని మర్చిపోయి ఉంటారు. డబ్బేమో వీళ్ళలో ఎవరో ఒకరి ఖాతాలో పడుతుంది. "ఇప్పుడు నేను ఎవరికి ఎంత ఇవ్వాలి?" అని నన్ను చాలామంది, రకరకాల సందర్భాలు చెప్పి అడిగారు. సందర్భం ఏదైనా లెక్క తేలే దారి ఒకటే. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను.

పాత బాకీల మీద కొత్త బాకీలు అతికించుకుంటూ వెళ్తే ఈ లెక్క ఎప్పటికీ తేలదు. "నువ్వు నాకు ఇంత ఇవ్వాలి, అందులోంచి రీఫండ్ ఇంత తీసేస్తే..." అని మొదలుపెట్టినవాళ్ళు మూడో మనిషి దగ్గరికి వచ్చేసరికి తప్పకుండా దారి తప్పుతారు. పాత బాకీ పద్దును పక్కన పెట్టి, కొన్న రోజు నుంచి ఎవరి చేతి నుంచి ఎంత వెళ్ళింది, ఎవరి చేతికి ఎంత వచ్చింది అని మళ్ళీ మొదటి నుంచి రాయాలి. అలా రాస్తే పావుగంట పని.

ఉదాహరణల్లో మనుషులను ఎ, బి, సి, డి అంటాను. ఏ కరెన్సీ అయినా లెక్క మారదు కాబట్టి అంకెలు మాత్రమే రాస్తాను.

1. ముందు కాగితాలు, తర్వాతే క్యాలిక్యులేటర్

జ్ఞాపకం మీద ఆధారపడి లెక్క మొదలుపెట్టకండి. డబ్బు విషయంలో ఇచ్చినవాళ్ళకు ఇచ్చింది బాగా గుర్తుంటుంది, తీసుకున్నవాళ్ళకు అంత గుర్తుండదు. ఎవరి తప్పూ లేకుండానే ఇద్దరి జ్ఞాపకాలు వేర్వేరుగా ఉంటాయి.

దగ్గర పెట్టుకోవలసినవి:

- కొన్నప్పటి బిల్లు. మొత్తం ఒక్కటే చాలదు, ఏ వస్తువుకు ఎంతో విడిగా కనిపించాలి
- డిస్కౌంటు, పన్ను, డెలివరీ ఛార్జీ ఉన్న వరుసలు
- దుకాణానికి ఎవరు, ఎలా కట్టారు: కార్డు, వాలెట్, గిఫ్ట్ కార్డు, నగదు
- మీలో మీరు పంపుకున్న డబ్బు వివరాలు, తేదీలతో సహా
- రీఫండ్ ఎవరి ఖాతాలో పడిందో ఆ స్టేట్‌మెంట్ వరుస
- వెనక్కి పంపడానికి అయిన ఖర్చు రసీదు

స్క్రీన్‌షాట్లు పంపుకునేటప్పుడు కార్డు నంబరు, ఖాతాలో మిగిలిన మొత్తం కనిపించకుండా కత్తిరించండి. లెక్కకు తేదీ, మొత్తం, ఎవరి నుంచి వచ్చింది అనే మూడే కావాలి.

ఇదంతా పూర్తయ్యేదాకా ఎవరూ ఎవరికీ డబ్బు పంపవద్దని అందరికీ చెప్పండి. మధ్యలో ఒకరు ఉత్సాహంగా "నా వంతు ఇదిగో" అని పంపేస్తే అదీ ఒక పద్దే అవుతుంది, లెక్క మళ్ళీ రాయాలి.

2. రీఫండ్ నిజంగా వచ్చిందా?

"రీఫండ్ ఆమోదించాం" అన్న సందేశం వేరు, ఖాతాలో డబ్బు పడటం వేరు. సందేశం చూసి పంచేస్తే, తర్వాత తక్కువ వస్తే ఆ తేడా పంచినవాళ్ళ నెత్తిన పడుతుంది. లెక్కలోకి ఎక్కాల్సింది స్టేట్‌మెంట్‌లో కనబడిన మొత్తం మాత్రమే.

ఇక్కడ మూడు విషయాలు తెలిసి ఉండాలి.

కొన్నిసార్లు రీఫండ్ అనే వరుసే రాదు. ఆర్డరును త్వరగా రద్దు చేస్తే, కార్డు మీద ఆ మొత్తాన్ని అప్పటికి ఆపి ఉంచారే తప్ప అసలు తీసుకుని ఉండరు. రద్దయ్యాక ఆ ఆపినది విడుదలై, వరుస మాయమైపోతుంది. "రీఫండ్ రాలేదు" అని కంగారు పడేముందు అసలు ఖర్చు వరుస ఇంకా ఉందా అని చూడండి. అది కూడా లేకపోతే డబ్బు కట్టనట్టే, పంచడానికి ఏమీ లేనట్టే.

రెండోది, క్రెడిట్ కార్డుకు వచ్చిన రీఫండ్ ఆ కార్డు మీది బాకీని తగ్గిస్తుంది, చేతికి నగదు ఇవ్వదు. అయినా లెక్కలో అది అందినట్టే. "నాకేం డబ్బు రాలేదు, కార్డు బిల్లే తగ్గింది" అనే మాటకు ఇక్కడ చోటు లేదు. ఎందుకంటే కొన్నప్పుడు కూడా వెళ్ళింది అదే కార్డు మీద.

మూడోది, రీఫండ్ ముక్కలుగా రావచ్చు. ఇది నాకు ఎదురైంది. కొందరం కలిసి కొన్న వస్తువులు వెనక్కి పంపాం, డబ్బు నా కార్డుకు వచ్చింది. అదే రోజు అందరికీ పంచేశాను. మూడు వారాల తర్వాత ఒక స్నేహితుడు, "అన్నా, డెలివరీ ఛార్జీ కూడా ఇస్తామన్నారు కదా, అది వచ్చిందా?" అని అడిగాడు. "వచ్చిందంతా పంచేశానురా" అన్నాను. వాడు ఇంకేమీ అనలేదు. నెలాఖరులో స్టేట్‌మెంట్ తెరిచి ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదువుతుంటే, మొదటి రీఫండ్ పడిన తొమ్మిది రోజులకు అదే దుకాణం పేరుతో ఇంకో చిన్న మొత్తం కనిపించింది. ఆ డబ్బు అన్నాళ్ళూ నా దగ్గరే ఉంది. వెంటనే పంచి, వాడికి ఫోన్ చేసి నేను చూసుకోలేదని చెప్పాను. మొత్తం చిన్నదే. కానీ వాడు రెండోసారి అడగడానికి మొహమాటపడ్డాడన్న సంగతి నన్ను చాలా రోజులు బాధపెట్టింది. అప్పటి నుంచి, రావలసిన మొత్తం ఎంతో ముందే కాగితం మీద రాసుకుని, వచ్చినవన్నీ కూడితే దానికి సరిపోయేదాకా లెక్క ముగిసిందని అనను.

3. ఉన్నది ఒక్కటే సూత్రం

ప్రతి మనిషికీ మూడు అంకెలు కావాలి.

- వెళ్ళింది: ఆ మనిషి చేతి నుంచి వెళ్ళిన మొత్తం. దుకాణానికి కట్టింది, తోటివాళ్ళకు పంపింది, వస్తువు వెనక్కి పంపడానికి పెట్టిన ఖర్చు అన్నీ కలిపి.
- వచ్చింది: ఆ మనిషి చేతికి వచ్చిన మొత్తం. రీఫండ్, తోటివాళ్ళు పంపింది కలిపి.
- చివరి వాటా: రీఫండ్ పోను మిగిలిన నికర ఖర్చులో ఆ మనిషి భరించవలసినది.

ఇక లెక్క ఇదీ:

తేడా = వెళ్ళింది − వచ్చింది − చివరి వాటా

తేడా ప్లస్ అయితే ఆ మనిషికి అంత రావాలి. మైనస్ అయితే అంత ఇవ్వాలి. సున్నా అయితే చెల్లు.

అంతా ముగిశాక ఒక్కొక్కరి జేబులోంచి సరిగ్గా వాళ్ళ వాటా అంతే పోయి ఉండాలి. అంతకంటే ఎక్కువ పోతే తిరిగి రావాలి, తక్కువ పోతే ఇవ్వాలి. ఈ పద్ధతిలో "మొదట ఎవరు కట్టారు", "రీఫండ్ ఎవరికి పడింది" అన్నవి విడిగా వాదించుకోవలసిన అంశాలు కావు. రెండూ పద్దులో చెరొక వరుస అవుతాయి.

సరిచూసుకునే గుర్తు కూడా ఇందులోనే ఉంది. అందరి తేడాలూ కూడితే సున్నా రావాలి. రాకపోతే ఎక్కడో ఒక పద్దు వదిలేశారు, లేదా ఒక దాన్ని రెండుసార్లు రాశారు.

4. చిన్న లెక్కతో చేయి తిప్పుకోండి

ముగ్గురు కలిసి 900 పెట్టి ఒక వస్తువు కొన్నారు. ఎ మొత్తం కట్టారు. బి తన 300 ఎ కి పంపేశారు. సి ఇంకా పంపలేదు. వస్తువు నచ్చక వెనక్కి పంపితే పూర్తి 900 ఎ ఖాతాలో పడింది.

చివరి ఖర్చు సున్నా కాబట్టి అందరి వాటా సున్నా.

- ఎ: వెళ్ళింది 900, వచ్చింది 300 + 900 = 1200. తేడా −300
- బి: వెళ్ళింది 300, వచ్చింది 0. తేడా +300
- సి: వెళ్ళింది 0, వచ్చింది 0. తేడా 0

ఎ, బి కి 300 ఇస్తే చెల్లు. సి కి ఇచ్చేదీ లేదు, సి ఇచ్చేదీ లేదు.

ఇంత చిన్న లెక్కలోనే నేను చూసిన తప్పు ఒకటుంది. "రీఫండ్ 900 వచ్చింది, తలా 300" అని ఎ ఇద్దరికీ పంపేస్తారు. సి అసలు పెట్టనే లేదు, పెట్టనిది తిరిగి వచ్చింది. ఎ జేబుకు 300 చిల్లు. రీఫండ్‌ను విడి డబ్బులా పంచితే జరిగేది ఇదే. అది కొనుగోలు లెక్కలో ఒక భాగం.

5. కొత్త వాటాలు వేయడం: అసలు కష్టం ఇక్కడే

కూడికలు, తీసివేతలు ఎవరైనా చేస్తారు. తగువు వచ్చేది "ఈ రీఫండ్ ఎవరిది?" అన్న దగ్గర. అందుకే ఈ మెట్టు మీద కాస్త ఎక్కువసేపు నిలబడదాం.

5.1 ఏ నిష్పత్తిలో పెట్టారో ఆ నిష్పత్తిలోనే తిరిగి రావాలి

ఎ 60 వంతులు, బి 40 వంతులు పెట్టుకుని 1000 కి కొన్నారు. వస్తువు మీద గీతలు ఉన్నాయని దుకాణం 100 వెనక్కి ఇచ్చింది. దాన్ని చెరి 50 గా పంచడం తప్పు. ఎ కి 60, బి కి 40. చివరి ఖర్చు 900 కాబట్టి వాటాలు 540, 360.

5.2 ఒక్కరి వస్తువు వెనక్కి వెళ్తే ఆ రీఫండ్ ఒక్కరిదే

ఒకే ఆర్డరులో ఉమ్మడి వస్తువులూ, సొంత వస్తువులూ కలిసిపోవడం మామూలే. వెనక్కి వెళ్ళింది బి సొంత వస్తువైతే తగ్గేది బి వాటా మాత్రమే. మిగతావాళ్ళ వాటాలు కదలవు. కాబట్టి బిల్లులో ప్రతి వరుస పక్కనా "అందరిది" లేదా ఎవరిదో వాళ్ళ గుర్తు రాసేయండి. రాయడానికి సందేహం కలిగిన వరుస ఉంటే, దాని గురించి ముందే మాట్లాడుకోవాలి.

5.3 డిస్కౌంటు పడిన ధరే అసలు ధర

మొత్తం ఆర్డరు మీద 10 శాతం తగ్గింపు ఉంటే, 800 ధర రాసిన వస్తువుకు నిజంగా కట్టింది 720. రీఫండ్ కూడా మామూలుగా 720 వస్తుంది. బిల్లు మీది 800 పట్టుకుని "80 తక్కువ వచ్చింది" అని ఎవరినీ అడగవద్దు. ప్రతి వస్తువు ధరలోంచీ దాని వంతు తగ్గింపు తీసేసి, ఆ అంకెలతోనే మొదటి నుంచి లెక్క రాయండి.

5.4 ఒకరు వాపసు చేస్తే అందరి డిస్కౌంటు పోయిందా?

ఇది నాకు వచ్చిన ప్రశ్నల్లో అన్నిటికంటే చిక్కుది. 1000 దాటితే 200 తగ్గింపు అన్నారనుకోండి. ఎ వస్తువు 700, బి వస్తువు 500. మొత్తం 1200, కట్టింది 1000. వాటాల ప్రకారం ఎ కి 583.33, బి కి 416.67.

ఇప్పుడు బి తన వస్తువు వాపసు చేశారు. మిగిలిన ఆర్డరు 700 కాబట్టి కొన్ని దుకాణాలు తగ్గింపును రద్దు చేసి, 1000 − 700 = 300 మాత్రమే తిరిగి ఇస్తాయి. బి పెట్టిన దానికంటే 116.67 తక్కువ. ఈ నష్టం ఎవరిది?

నా తీర్పు ఇదీ. బి మనసు మార్చుకుని వాపసు చేస్తే నష్టం బి దే. ఎ తన వస్తువు ఉంచుకున్నారు, ఆయన చేసిన పని ఏదీ లేదు. వస్తువు పాడై వచ్చినందుకు వాపసు చేయాల్సి వస్తే మాత్రం బి తప్పు కూడా లేదు. అప్పుడు ముందు దుకాణంతో మాట్లాడి పూర్తి మొత్తం అడగాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే నష్టాన్ని ఇద్దరూ పంచుకోవడం న్యాయం, ఎందుకంటే కలిసి కొన్నందువల్లే ఇద్దరికీ ఆ తగ్గింపు వచ్చింది. మీరు వేరేలా అనుకున్నా సరే, వాపసు చేసే ముందే అనుకోండి. చేసిన తర్వాత వేసుకునే నియమం ఎవరో ఒకరికి అన్యాయంగానే కనిపిస్తుంది.

5.5 వాపసు ఖర్చులు

పార్సిల్ ఖర్చు, దుకాణం పట్టుకున్న కోత, ప్యాకింగ్ సామాను. అందరూ కలిసి వాపసు చేద్దామనుకుంటే ఖర్చు వాటాల ప్రకారం అందరిదీ. ఒకరి కోసం చేస్తే ఆ ఒకరిది. దుకాణం కోత పోను ఇచ్చిన మొత్తాన్నే రీఫండ్‌గా రాయండి. కోతను మళ్ళీ విడిగా ఖర్చులో రాస్తే రెండుసార్లు పడినట్టవుతుంది.

6. పూర్తి లెక్క, మొదటి నుంచి చివరిదాకా

నలుగురు ఒకే ఆర్డరులో మూడు వస్తువులు కొన్నారు. ప్రొజెక్టర్ 6000, స్క్రీన్ 1200, ఈ రెండూ అందరివి. హెడ్‌సెట్ 800, అది బి సొంతం. మొత్తం 8000 మీద 10 శాతం తగ్గింపు పోను 7200. ఎ తన కార్డుతో కట్టారు.

తర్వాత బి తన వాటా 2340 (ఉమ్మడి వస్తువుల్లో 1620, హెడ్‌సెట్ 720) పూర్తిగా ఎ కి పంపారు. సి 1000 పంపారు. డి ఏమీ పంపలేదు.

స్క్రీన్ కొలత సరిపోలేదు. అందరూ అనుకుని వెనక్కి ఇచ్చారు. దాన్ని తీసుకెళ్ళడానికి 120 ఖర్చయింది, అది సి పెట్టారు. కౌంటర్ దగ్గర ఉన్నది డి, రీఫండ్ 1080 నగదుగా డి చేతికే ఇచ్చారు.

మెట్టు ఒకటి: నికర ఖర్చు. 7200 − 1080 + 120 = 6240.

మెట్టు రెండు: చివరి వాటాలు. ప్రొజెక్టర్ తగ్గింపు పోను 5400, తలా 1350. వాపసు ఖర్చు 120, తలా 30. హెడ్‌సెట్ 720, బి కి మాత్రమే.

- ఎ: 1380
- బి: 1380 + 720 = 2100
- సి: 1380
- డి: 1380

కూడితే 6240. మొదటి మెట్టుతో సరిపోయింది. సరిపోకపోతే ఇక్కడే ఆగాలి, ముందుకు వెళ్ళకూడదు.

మెట్టు మూడు: వెళ్ళింది, వచ్చింది.

- ఎ: వెళ్ళింది 7200. వచ్చింది 2340 + 1000 = 3340. నికరంగా 3860
- బి: వెళ్ళింది 2340. వచ్చింది 0. నికరంగా 2340
- సి: వెళ్ళింది 1000 + 120 = 1120. వచ్చింది 0. నికరంగా 1120
- డి: వెళ్ళింది 0. వచ్చింది 1080. నికరంగా −1080

ఇవి కూడినా 6240 రావాలి. 3860 + 2340 + 1120 − 1080 = 6240. వచ్చింది.

మెట్టు నాలుగు: తేడాలు.

- ఎ: 3860 − 1380 = +2480
- బి: 2340 − 2100 = +240
- సి: 1120 − 1380 = −260
- డి: −1080 − 1380 = −2460

ప్లస్‌లు 2720, మైనస్‌లు 2720. లెక్క తేలింది.

డి వరుస ఒకసారి మళ్ళీ చూడండి. డి ఒక్క పైసా పెట్టలేదు, పైగా 1080 చేతిలో ఉంది. నోటి లెక్కలో అయితే "నా వాటా 1620 కదా, రీఫండ్‌లో నాది 270 పోతే 1350 ఇస్తే చాలు" అని డి నమ్మకంగా చెప్పేవారు. ఆ 1080 తన దగ్గరే ఉందన్న సంగతీ, దారి ఖర్చులో తన 30 సంగతీ అందులో జారిపోయేవి. 1350, 1080, 30 కలిపితే 2460.

7. ఎవరు ఎవరికి పంపాలి

అందరూ అందరికీ పంపుకోనక్కర్లేదు. ఎక్కువ ఇవ్వవలసినవారు ఎక్కువ రావలసినవారికి ముందు పంపాలి. ఒకరి తేడా సున్నా అవగానే తర్వాతివారి దగ్గరికి వెళ్ళాలి.

మన లెక్కలో:

1. డి, ఎ కి 2460. డి లెక్క చెల్లు. ఎ కి ఇంకా 20 రావాలి
2. సి, బి కి 240. బి లెక్క చెల్లు
3. సి, ఎ కి 20. ఇద్దరి లెక్కా చెల్లు

నలుగురికి మూడే బదిలీలు. ఈ పద్ధతిలో ఎంతమంది ఉన్నా బదిలీలు ఆ సంఖ్య కంటే ఒకటి తక్కువే అవుతాయి, అంతకు మించవు. ఎందుకంటే ప్రతి బదిలీతో కనీసం ఒకరి లెక్క ముగుస్తుంది, చివరి బదిలీతో ఇద్దరిది ముగుస్తుంది. ఒకరికి +500, ఇంకొకరికి −500 లాంటి జతలు కనిపిస్తే వాటిని ముందే కలిపేయండి, ఇంకా తగ్గుతాయి.

సి, బి కి ఎందుకు పంపాలి, బి నుంచి సి ఎప్పుడూ అప్పు తీసుకోలేదు కదా అని సి అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. తేడాల పట్టిక చూపించి వివరించండి. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే అన్ని బదిలీలూ ఎ ద్వారానే చేయండి. డి 2460, సి 260 ఎ కి పంపుతారు, ఎ 240 బి కి పంపుతారు. ఫలితం అదే.

చిల్లర సంగతి. 1000 ని ముగ్గురికి పంచితే తలా 333.33, మొత్తం 999.99. మిగిలిన 0.01 ని ఒకరికి కలిపి 333.34 చేయండి. మధ్య మెట్లలో సవరించకండి, చివర్లో ఒక్కసారే. మధ్యలో సవరించిన లెక్కలు చివరికి సున్నాకు రావు.

8. నగదుగా రాని రీఫండ్లు

దుకాణం కూపన్ లేదా వాలెట్ సొమ్ము. ఎవరి ఖాతాలో పడిందో వాళ్ళు తప్ప వేరేవాళ్ళు వాడలేరు. వాళ్ళు దాన్ని తీసుకుంటే, ఆ మొత్తం వాళ్ళకు "వచ్చింది"గా రాసి మామూలుగా లెక్క వేయండి. కానీ 1200 కూపన్ అంటే 1200 నగదుతో సమానం అని వాళ్ళ మీద రుద్దకండి. గడువు ఉంటుంది, ఆ దుకాణంలోనే వాడాలి. 1000 విలువ కడదామని అందరూ ఒప్పుకుంటే రీఫండ్ 1000 అనే రాయండి. మిగిలిన 200 అందరి నష్టంగా వాటాల్లో దానంతట అదే కలుస్తుంది.

గిఫ్ట్ కార్డు కొంత, కార్డు కొంత కట్టినప్పుడు రీఫండ్ కూడా రెండు చోట్లకీ విడివిడిగా వెళ్ళే అవకాశం ఉంది. గిఫ్ట్ కార్డు ఎవరిదో "వెళ్ళింది" వాళ్ళ పేరున రాయాలి, తిరిగొచ్చింది కూడా వాళ్ళ పేరునే.

వేరే దేశపు కరెన్సీ. కొన్న రోజు మారకం రేటు వేరు, రీఫండ్ పడిన రోజు రేటు వేరు. స్టేట్‌మెంట్‌లో 9000 పోయి 8850 తిరిగి రావచ్చు, దుకాణం పూర్తిగా ఇచ్చినా సరే. ఆ 150 కట్టినవారి నష్టం అనడం అన్యాయం. అందరి కోసం కార్డు ఇచ్చారు కాబట్టి వాటాల ప్రకారం పంచుకోవాలి. ఎక్కువ వస్తే లాభానికీ అదే నియమం.

వాయిదాల మీద కొన్నది. వాపసు చేసినా కట్టిన వడ్డీ, ప్రాసెసింగ్ ఛార్జీ తిరిగి రాకపోవచ్చు. వాయిదాల మీద కొందామని అందరూ అనుకుని ఉంటే ఆ ఖర్చు అందరిదీ. కట్టినవారు తమ వీలు కోసం వాయిదాలు పెట్టుకుంటే అది వారిదే.

9. యాప్‌లో ఎలా రాయాలి

ఖర్చులు పంచే యాప్ వాడుతుంటే పాత ఖర్చును చెరిపేయాలనో, అంకె మార్చాలనో అనిపిస్తుంది. రీఫండ్ పూర్తిగా వచ్చి, మొదట కట్టినవారికే చేరితే చెరిపేసినా లెక్క సరిగానే వస్తుంది. వేరేవారికి చేరితే, లేదా కొంతే వస్తే, రాదు. పైగా ఏం జరిగిందో చూపించే ఆనవాలు పోతుంది. పాతది అలాగే ఉంచి రీఫండ్‌ను కొత్త వరుసగా రాయండి.

యాప్ మైనస్ అంకె తీసుకోకపోతే తిరగేసి రాయాలి. మన ఉదాహరణలో రీఫండ్ 1080 డి కి వచ్చింది. దాన్ని ఒక ఖర్చులా, "కట్టినవారు: నలుగురూ తలా 270" అనీ, "వాటా: డి ఒక్కరిదే 1080" అనీ నింపండి. దాంతో మిగతా ముగ్గురికీ తలా 270 రావాలని, డి 810 ఇవ్వాలని యాప్ చూపిస్తుంది. సరిగ్గా కావలసింది అదే. పేరులో "స్క్రీన్ రీఫండ్" అని తేదీతో రాస్తే తర్వాత ఎవరూ అయోమయపడరు.

10. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే తీరు

తేడాల మొత్తం సున్నా రావడం లేదు. ఎంత తేడా వచ్చిందో ఆ అంకెనే పద్దుల్లో వెతకండి. దొరికితే అది ఒకవైపే రాసిన పద్దు: పంపినవారి దగ్గర "వెళ్ళింది"లో ఉండి, అందుకున్నవారి దగ్గర "వచ్చింది"లో లేదు. దొరక్కపోతే తేడాలో సగం అంకెను వెతకండి. అది ప్లస్‌కు మైనస్ వేసిన పద్దు కావచ్చు.

ఒకరు తన వాటాను ముందే ఇంకొకరికి అమ్మేశారు. బి తన వాటా డబ్బు ఎ దగ్గర తీసుకుని తప్పుకున్నాక రీఫండ్ వస్తే, ఆ వాటా రీఫండ్ ఎ దే. డబ్బు తీసుకున్న రోజే బి లెక్క ముగిసింది.

పాత బాకీలో కలిపేశారు. "నువ్వు నాకు ఎలాగూ ఇవ్వాలిగా, ఇది అందులో పోనీ" అని సర్దుబాటు చేసుకుంటే అది రెండు పద్దులు. రీఫండ్ వాటా ఇచ్చినట్టు ఒకటి, పాత బాకీ తీర్చినట్టు ఒకటి. రెండూ రాయకపోతే పాత బాకీ మళ్ళీ ఒకరోజు లేచి కూర్చుంటుంది.

"పోనీలే, ఉంచుకో" అన్నారు. మంచి మాటే. కానీ లెక్కలో "వదిలేశారు" అని ఆ మొత్తంతో ఒక వరుస రాయండి. అన్నవారికి గౌరవం, తీసుకున్నవారికి నిశ్చింత.

11. అందరికీ పంపే సందేశం

ఫలితం ఒక్కటే పంపితే ప్రశ్నలు వస్తాయి. పట్టిక అంతా పంపితే ఎవరూ చదవరు. నేను పంపేది ఇలా ఉంటుంది:

"స్క్రీన్ రీఫండ్ లెక్క తేలింది. మొత్తం ఖర్చు 7200, తిరిగొచ్చింది 1080, దారి ఖర్చు 120, నికరం 6240. వాటాలు: బి 2100, మిగతా ముగ్గురికీ తలా 1380. డి, ఎ కి 2460 పంపాలి. సి, బి కి 240, ఎ కి 20 పంపాలి. పూర్తి పట్టిక కింద పెట్టాను. ఏ అంకె మీద సందేహం ఉన్నా ఎల్లుండి లోపు చెప్పండి, అప్పటిదాకా ఎవరూ పంపకండి."

పంపే ముందు చూసుకోవలసినవి:

- వాటాల మొత్తం, నికర ఖర్చు ఒకటేనా?
- తేడాల మొత్తం సున్నానా?
- రావలసిన రీఫండ్ అంతా స్టేట్‌మెంట్‌లో పడిందా, ఇంకా ఏదైనా ముక్క మిగిలిందా?
- వాపసు ఖర్చు పెట్టినవారి పేరున రాశామా?
- ప్రతి బదిలీ ఇద్దరి వైపూ రాసి ఉందా?

డబ్బు అందినవారు "అందింది" అని అదే చోట రాయాలి. చివరి బదిలీ అయ్యాక ఆ బదిలీలను కూడా "వెళ్ళింది", "వచ్చింది"లో కలిపి ఒకసారి తిరిగి లెక్క వేయండి. ప్రతి ఒక్కరి తేడా సున్నా రావాలి. తర్వాత ఏదైనా చిన్న మొత్తం ఆలస్యంగా పడితే ఆ రోజే చెప్పి, అదే పట్టికలో కింద ఒక వరుస చేర్చి వాటాల ప్రకారం పంచండి. అందుకే రెండు స్టేట్‌మెంట్లు వచ్చేదాకా ఆ పట్టికను పారేయకండి.